తొమ్మిది గంటల పది నిమిషాలు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ ఎర్రపెన్ను అనే పిలిచేవాళ్లు. ఆమెకు పేరు లేక కాదు, ఆ పెన్ను ఆమె చేతిలో లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు మరి. విమానం టికెట్ల ఆఫీసు అది. కింద చెప్పుల కొట్టు, పైన రెండు గదులు, మూడు కౌంటర్లు, ఒక మూలుగుతున్న ఫ్యాను. వెనక గోడ పొడుగునా పెద్ద పట్టిక ఉంటుంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, తిన్నగా వెళ్తే ఎన్ని గంటలు, దారిలో దిగి ఎక్కితే ఎన్ని గంటలు, అన్నీ అందులో చూసుకోవచ్చు.

ఆ ఆఫీసు పెట్టిన పెద్దాయనకి ఒక పట్టుదల ఉండేది. ప్రయాణం కాగితం అచ్చయి రాగానే కౌంటర్లో ఉన్నవాళ్లు దాన్ని ప్రయాణికుడికి పైకి చదివి వినిపించాలి. ఆ కాగితం మీద తేదీ ఒక్క చోటే ఉంటుంది, బయల్దేరే రోజుది. దిగే టైము పక్కన మాత్రం ఒక కూడిక గుర్తు, దాన్ని ఆనుకుని ఒకటో రెండో అంకె ఉంటాయి. ఒకటి అంటే మర్నాడు దిగుతారని, రెండు అంటే ఆ మర్నాడని. ఆవగింజంత ఉంటుంది ఆ గుర్తు. అది కంట పడక పరీక్షలు తప్పినవాళ్లున్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకని దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ప్రయాణికుడి చేత పొట్టి సంతకం పెట్టించాలన్నది పెద్దాయన నియమం. ఆయన పోయి అయిదేళ్లయింది. మిగతా ఇద్దరూ పని ఎక్కువగా ఉన్న రోజున సున్నా సంగతి చల్లగా ఎగ్గొట్టేవాళ్లు. ఎర్రపెన్ను మాత్రం ఎనిమిదేళ్లలో ఒక్కటి కూడా వదల్లేదు. తన సొంత అక్క కూతురు హాస్టలుకి వెళ్లేటప్పుడు కూడా కూర్చోబెట్టి చదివి, సున్నా చుట్టి, సంతకం పెట్టించుకునే పంపింది.

ఆ అక్క కూతురే ఇప్పుడు పెళ్లి చేసుకుంటోంది. పై దేశంలో ఉద్యోగం చేస్తున్న ఊళ్లోనే, రిజిస్ట్రారు ఆఫీసులో, గురువారం పదకొండు గంటలకి. హంగూ ఆర్భాటం ఏమీ లేవు. సంతకాలు, సాక్షులు, అంతే.

సోమవారం సాయంత్రం ఆ పిల్ల ఫోన్ చేసింది. "పిన్నీ, నాన్న కొట్టు వదిలి రాలేనని నెల రోజులు నసిగి నసిగి ఇప్పుడు వస్తానంటున్నాడు. బళ్ల సెలవులు కదా, ఎక్కడా సీట్లు లేవట. నువ్వు తప్ప ఎవరూ చూడలేరు. మొదటి సాక్షి సంతకం నాన్నది ఉంటేనే నాకు పెళ్లయినట్టుంటుంది."

"చూస్తాలేమ్మా" అంది ఎర్రపెన్ను.

పళ్లు నూరుకుంటూనే అంది. ఎందుకంటే ఈ భూమ్మీద ఆమెకి పగవాడంటూ ఒకడుంటే అది ఆ పిల్ల తండ్రి. అక్క మొగుడు. బజారులో కళ్లజోళ్ల కొట్టు నడుపుతాడు, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకుంటాడు. ఎర్రపెన్ను దృష్టిలో మాత్రం అతను చేసిన పనికి మనిషన్న మాటే ఎక్కువ.

తొమ్మిదేళ్ల కిందటి మాట అది. అక్కకి గుండెలో కవాటం పాడైతే ఆపరేషన్‌కని, పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఆ ఊరికే తీసుకెళ్లాడు. ఎర్రపెన్ను అప్పటికింకా ఎర్రపెన్ను కాలేదు. ఒక స్కూలు ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పనిలో ఉండేది, విమానం మొహం ఎరగదు. తల్లి పోయాక తనకి జడలు వేసి, అన్నం పెట్టి పెంచిన అక్క అది. వస్తానని ఫోన్‌లో బావ కాళ్లా వేళ్లా పడింది. అతనేమో నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు. "డైరెక్ట్ విమానం లేదు. రెండు చోట్ల దిగి ఎక్కాలి. నలభై రెండు గంటలు పడుతుంది. నువ్వొచ్చేసరికి ఆపరేషన్ అయిపోతుంది, మేమే తిరుగుదారిలో ఉంటాం. అనవసరంగా ఆయాసపడకు."

ఆమె నమ్మింది. పెద్దవాడు, అక్కడే ఉన్నవాడు, ఎందుకు నమ్మదు.

ఆపరేషన్ అయ్యాక అక్క నాలుగు రోజులు బతికింది. తలుపు చప్పుడైన ప్రతిసారీ "చెల్లి వచ్చిందా" అని అడిగేదట. పక్కనే కూర్చున్న పద్నాలుగేళ్ల కూతురు తర్వాత ఏడుస్తూ చెప్పింది ఆ సంగతి. ఇంకో సంగతి కూడా చెప్పింది. అమ్మ అడిగినప్పుడు నాన్న వరండాలోకి వెళ్లి ఎవరితోనో అన్నాడట: "అది వచ్చిందంటే డాక్టర్లతో గొడవ, నాతో గొడవ. నా తల తినేస్తుంది. రాకపోవడమే హాయి."

మరుసటి ఏడాది పొట్ట కోసం ఈ ఆఫీసులో చేరింది. మొదటి రోజే గోడ మీద పట్టిక చూసింది. వేలు పెట్టి వరస వెతుక్కుంది. ఏడు వేల మూడు వందల నలభై కిలోమీటర్లు. తిన్నగా తొమ్మిది గంటల పది నిమిషాలు. రోజుకొక విమానం, పన్నెండేళ్లుగా. ఇంటికెళ్లి అక్క చేతిసంచీ దులిపితే చినిగిన బోర్డింగ్ కార్డు ముక్క ఒకటి రాలింది. వాళ్లు ముగ్గురూ వెళ్లింది కూడా దాంట్లోనే. ఆ ముక్కని ఎర్రపెన్ను తన సొరుగులో అడుగున పెట్టుకుంది. బావని మాత్రం మొహం మీద అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి జారుకుంటాడు. జారుకోనిచ్చే ఉద్దేశం ఆమెకి లేదు, రోజు రావాలంతే.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తెర మీద ఒక సీటు ఖాళీ అయింది. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి బయల్దేరే డైరెక్ట్ విమానం, ఎవరో చివరి నిమిషంలో మానుకున్నారు. ఒకే ఒక్క సీటు. ఎర్రపెన్ను నిజంగానే, పిల్ల మొహం చూసి, అందులో బావ పేరు పెట్టి ఆపింది. పదిసార్లు కడుపు మండినా పెట్టింది. ఆ మాట ఆమె తరఫున చెప్పుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు దాటకుండా టికెట్ ఖాయం చేయాలి.

పదిన్నరకి బావ వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం, నెత్తి మీదికి తోసిన కళ్లజోడు, చేతిలో పాస్‌పోర్టు.

"ఏం మరదలా, బాగున్నావా" అంటూ కుర్చీ లాక్కున్నాడు. "నాలుగు ఆఫీసులు తిరిగాను. ఒక్కడూ సీటు లేదంటాడు. నువ్వే దిక్కు."

"చూద్దాం బావా. కూర్చోండి."

"నాకు మాత్రం ఆ డైరెక్టే ఇప్పించు. మధ్యాహ్నం ఎక్కితే సాయంత్రం దిగుతాం. తొమ్మిది గంటలంటే ఒక భోజనం, ఒక కునుకు. మీ అక్కని తీసుకెళ్లింది కూడా అందులోనే కదా, అలవాటైన విమానం."

ఎర్రపెన్ను చేతులు మీటల మీదే ఆగిపోయాయి. తలెత్తి అతని మొహంలోకి చూసింది. అతను తొణకలేదు, బెణకలేదు. తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకోనూ లేదు. హాయిగా మొహం తుడుచుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకి. ఇతను దాచడం లేదు, మరిచిపోయాడు. ఏ మాట పట్టుకుని తను ఎనిమిదేళ్లు రగిలిందో ఆ మాట అతనికి ఆ సాయంత్రానికే గుర్తుండి ఉండదు. అడ్డం రాకుండా ఒక మనిషిని ఆపడానికి నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పాడు, ఫోన్ పెట్టేసి కాఫీ తాగడానికి వెళ్లి ఉంటాడు.

అబద్ధం ఆడినందుకు ఎప్పుడైనా క్షమించేదేమో. మరిచిపోయినందుకు క్షమించలేకపోయింది.

"ఒక్క నిమిషం" అంది. ఆపిన సీటు మీద బావ పేరు చెరిపేసింది. తన పేరు కొట్టింది. ఖాయం చేసింది. గురువారం సాయంత్రం అయిదింటికి తిరుగు విమానం కూడా కొట్టింది, రెండు రోజులే సెలవు దొరుకుతుంది మరి. అంతా కలిపి నిమిషంన్నర పట్టలేదు.

"డైరెక్టులో సీటు లేదు బావా." ఆ మాట నిజమే, అప్పటికి లేదు.

అతని మొహం వేలాడిపోయింది. "అయితే పిల్ల పెళ్లికి నేను పోలేనా? మీ అక్క ఎలాగూ లేదు. నేను కూడా లేకపోతే అది ఎవరి మొహం చూసుకుని సంతకం పెడుతుంది? ఎలాగైనా చూడమ్మా. కావాలంటే చుట్టు తిరిగి వెళ్తాను."

"చుట్టు తిరిగే దారి ఒకటుంది" అంది ఎర్రపెన్ను. వెతకాల్సిన అవసరం కూడా లేదు, ఎనిమిదేళ్లుగా ఆ దారి ఆమెకి కంఠతా వచ్చు. రెండు చోట్ల దిగి ఎక్కాలి. రెండో చోట ఒక రోజుకి పైగా పడిగాపులు. మొత్తం నలభై రెండున్నర గంటలు. అతను ఆ రోజు నలభై రెండన్నాడు, అరగంట కొసరు వేసింది.

కాగితం అచ్చయి వచ్చింది. ఎర్రపెన్ను చదివి వినిపించింది, నియమం ప్రకారం, స్పష్టంగా, ఒక్కో అక్షరం వినబడేలా.

"రేపు బుధవారం సాయంత్రం అయిదు నలభైకి ఇక్కడ ఎక్కుతారు. మొదటి చోట విమానం మారతారు. రెండో చోట మళ్లీ మారతారు. ఉదయం ఏడు నలభైకి ఆ ఊళ్లో దిగుతారు."

"ఏడు నలభై." అతని మొహం వెలిగింది. "పదకొండింటికి కదా రిజిస్ట్రారు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లినా బోలెడు టైము. బతికించావు మరదలా."

ఏ రోజు ఉదయం అని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఏడు నలభై పక్కన కూడిక గుర్తు, దాని పక్కన రెండు, ఆవగింజంత. ఊరందరికీ కళ్లు పరీక్ష చేసి గోడ మీది చిన్న అక్షరాలు చదివించే మనిషి, తన కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఎర్రపెన్ను చేతిలో పెన్ను మూత తియ్యలేదు. పక్క కౌంటరు అమ్మాయి ఒకసారి ఇటు చూసి, ఈవిడ చుట్టే ఉంటుందిలే అనుకుని తన పనిలో పడింది.

మెట్ల దగ్గర ఆగి అతను వెనక్కి తిరిగాడు. "నువ్వు కూడా వస్తే బాగుండేది."

"చూద్దాం బావా" అంది.

పిల్లకి తను వస్తున్నట్టు చెప్పలేదు. ఆ దేశానికి ముందుగా వీసా అక్కర్లేదు, ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు చాలు. బుధవారం ఒంటిగంట ఇరవైకి ఎక్కింది. కిటికీ పక్క సీటు. జన్మలో మొదటిసారి ఆ దారిన వెళుతోంది, అయినా నిమిషం నిమిషం తెలుసు. తొమ్మిది గంటల పది నిమిషాలూ కునుకు తియ్యలేదు. ఇంత దగ్గరా, ఇంతేనా అనుకుంటూ కూర్చుంది. చక్రాలు నేల తాకినప్పుడు ఆ ఊరి గడియారంలో సాయంత్రం ఆరు. ఆ రోజు తను ఫోన్ పెట్టేసి వెంటనే బయల్దేరి ఉంటే, ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం ఇదే వేళకి అక్క మంచం పక్కన ఉండేది. విమానం దిగే మెట్ల మీద ఆ లెక్క తేలి ఆమెకి ఏడుపొచ్చింది. ఆ వెంటనే బావ గుర్తొచ్చి ఏడుపు ఆగిపోయింది. ఈపాటికి ఎక్కి ఉంటాడు. ఎక్కడో దిగుతాడు, తన విమానం కోసం బోర్డు చూస్తాడు, అందులో ఉండదు. జేబులోంచి కాగితం తీస్తాడు. కళ్లజోడు కిందికి దింపుకుంటాడు.

ఆ దృశ్యం తలుచుకుని, విమానాశ్రయం దగ్గర తీసుకున్న గదిలో హాయిగా నిద్రపోయింది. చాలా ఏళ్లకి పట్టిన నిద్ర.

తెల్లారి లేవగానే ఫోన్ చూసుకుంది. తిట్లు వస్తాయనుకుంది, ఏమీ రాలేదు. కొంచెం చిన్నబుచ్చుకుంది. పోనీలే, కోపంతో నోరు పెగిలి ఉండదు అనుకుని కొత్త చీర కట్టుకుని పదిన్నరకల్లా రిజిస్ట్రారు ఆఫీసుకి చేరింది. బ్యాగులో మంచి పెన్ను ఒకటి పెట్టుకుంది. మొదటి సాక్షి చోట తన సంతకం పడుతుంది. అక్క ఎదురుచూసిన మనిషి అక్క కూతురి పక్కన ఉంటుంది, అక్కకి అడ్డం నిలబడ్డ మనిషి దారిలో బల్ల మీద ముడుచుకుని పడుకుంటాడు. అంతకంటే న్యాయం ఇంకేముంటుంది.

పొడుగాటి వరండా. గోడవార బల్లలు, చేతుల్లో టోకెన్లు పట్టుకుని జంటలు. చివరి బల్ల మీద పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. రోజూ ఆఫీసుకి వేసుకునే చొక్కా, నలిగిన ప్యాంటు. పువ్వు లేదు, బొట్టు తప్ప అలంకారం లేదు. పెళ్లికొడుకు దూరంగా కిటికీ దగ్గర గుమాస్తాతో ఏదో మాట్లాడుతున్నాడు.

ఎర్రపెన్నుని చూడగానే పిల్ల మొహం ఒక్క క్షణం విప్పారింది. "పిన్నీ" అని లేచి గట్టిగా వాటేసుకుంది.

"ఇదేమిటే, ఇంకా తయారవలేదు? అరగంటే ఉంది."

"ఇవాళ కాదు పిన్నీ. రేపటికి మార్పిస్తున్నాం, పదకొండింటికే. నాన్న తెల్లవారుజామున ఫోన్ చేశాడు. దారిలో ఇరుక్కున్నాడట, రేపు పొద్దున్న గానీ రాడట. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను లేకుండా కానిచ్చేయమన్నాడు. కుదరదన్నాను." అని ఆగింది. వాటేసుకున్న చేతులు మెల్లగా వదులయ్యాయి. "నువ్వెలా వచ్చావు?"

"విమానంలో."

"ఏ విమానంలో?"

ఎర్రపెన్ను భుజం మీది బ్యాగు పట్టీ సర్దుకుంది. ఎనిమిదేళ్లుగా వేల మందికి గుక్క తిప్పుకోకుండా చెప్పిన జవాబు అది.

"డైరెక్టులో" అంది చివరికి.

"సీటు లేదన్నావట నాన్నతో."

"ఒక్కటే ఉంది."

పిల్ల బ్యాగులో చెయ్యి పెట్టింది. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. నాలుగు మడతల గీతలు పడిన కాగితం. తండ్రి దారిలోంచి పంపించాడు. ఏడు నలభై పక్కన గుర్తు నల్లగా, ఒంటరిగా ఉంది.

"నాకు నువ్విచ్చిన కాగితాలు ఆరున్నాయి పిన్నీ. హాస్టలు రోజులవి. ఒక్కటీ పారెయ్యలేదు. ప్రతిదాని మీదా ఎర్ర సున్నా ఉంటుంది. దీని మీద లేదు."

"నీకు తెలియదా ఆయనేం చేశాడో? మీ అమ్మ నాలుగు రోజులు నా కోసం తలుపు కేసి చూసింది. నువ్వే కదే చెప్పావు నాకు."

"నేనే చెప్పాను. ఆ తలుపు పక్కనే ఉన్నాను కూడా." పిల్ల గొంతు లేవలేదు. "ఏడాదిపాటు నాన్నతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను, ఎందుకంటే ఇంకెవరున్నారు నాకు? ఆయన మాట మాత్రం మళ్లీ నమ్మలేదు. ఏ ఊరికెళ్లినా, ఎంతసేపు పడుతుందో నిన్ను అడిగేదాన్ని. నువ్వు చెప్తే మళ్లీ చూసుకునేదాన్ని కాదు. సోమవారం కూడా నిన్నే అడిగాను."

కిటికీ దగ్గర్నుంచి పెళ్లికొడుకు చెయ్యి ఊపాడు, పని అయిందన్నట్టు. పిల్ల బ్యాగు భుజాన వేసుకుంది.

"తిరుగు ప్రయాణం ఎప్పుడు నీకు?"

"ఇవాళ సాయంత్రం అయిదింటికి. రేపటికి మార్చుకుంటాలే, అదెంత పని. నా చేతిలో ఉన్నదే కదా."

"మార్చుకోకు" అంది పిల్ల.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎర్రపెన్ను తిరిగి ఏదో ఒకటి అనేది, ఇద్దరూ ఏడ్చి ఉండేవారు, ఎలాగోలా సర్దుకునేది. అలా కాకుండా, రోడ్డు మీద దారి అడిగిన మనిషికి చెప్పినట్టు చెప్పి వరండా దాటి వెళ్లిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని ఎర్రపెన్ను బల్ల దగ్గరే నిలబడింది. చూడలేదు.

విమానాశ్రయంలో మూడు గంటలు ముందే వచ్చి కూర్చుంది. తిరుగు దారి ఎనిమిదిన్నర గంటలే, గాలి వాలు కలిసొస్తుంది. రేపు తెల్లారేసరికి ఇంట్లో ఉంటుంది. ఇక్కడ పదకొండింటికి వాళ్లు సంతకాలు పెట్టే వేళకి అక్కడ మధ్యాహ్నం మూడున్నర అవుతుంది. కౌంటర్లో కూర్చుని ఎవరికో సున్నా చుట్టి ఇస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు లెక్క కట్టినా అంతే వచ్చింది.

నాలుగింటికి ఫోన్ మోగింది. బావ పంపిన సందేశం.

"మరదలా, దారిలో చిక్కుకుపోయాను. తారీఖు రెండు రోజులు మారే సంగతి నువ్వు చెప్పడం మర్చిపోయినట్టున్నావు. పర్లేదు, ఒత్తిడిలో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. పిల్ల రేపటికి మార్చుకుంది. మనసులో పెట్టుకోకు. నేనేమీ అనుకోవడం లేదు."

ఎర్రపెన్ను ఒళ్లు మండిపోయింది. క్షమించాడు. ఆ మనిషి, తనని, క్షమించాడు. కక్ష కట్టి ఎనిమిదేళ్లు, ఏడు వేల మూడు వందల నలభై కిలోమీటర్లు వస్తే, మతిమరుపు మరదలిని పెద్దమనసుతో వదిలేశాడు. ఉన్న ఒక్క పిల్లనీ పోగొట్టుకుని కొనుక్కున్న పగ అతనికి తగిలినట్టు కూడా తెలియలేదు.

వెంటనే జవాబు కొట్టింది. "పొరపాటు కాదు బావా. కావాలనే చేశాను. అక్క ఆపరేషన్‌ అప్పుడు డైరెక్ట్ లేదని, నలభై రెండు గంటలు పడుతుందని మీరు నాకు చెప్పారు. దానికిది."

పంపింది. అవతల చూసినట్టు గుర్తు పడింది. చాలాసేపు ఏదో రాస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్లీ రాస్తున్నట్టు కనిపించింది. విమానం ఎక్కమని పిలిచారు. లైనులో నిలబడింది, సీటు వెతుక్కుంది, బెల్టు పెట్టుకుంది. ఫోన్లు కట్టేయమని చెబుతుండగా జవాబు వచ్చింది.

"నేనా? ఎప్పుడన్నాను?"

సీట్ల మధ్య నడుస్తున్న ఎయిర్ హోస్టెస్ వంగి, ఫోన్ కట్టేయండమ్మా అంది. కట్టేసింది.